బోరు నీటి ఐసోటోపు లెక్క: సీసా నింపడం నుంచి నివేదిక రాయడం దాకా

శింగనమల చెరువు కట్ట దిగువన ఒక బోరు ఉందనుకుందాం. చెరువు నిండిన ఏడాది బోరులో నీటిమట్టం పైకి వస్తుంది, ఎండిన ఏడాది అడుగంటుతుంది. చెరువు నీరే బోరులోకి దిగుతోందని ఊరంతా నమ్ముతుంది. అయితే చెరువు నిండిన ఏడాది వానలూ బాగానే పడి ఉంటాయి కదా! అలాంటప్పుడు బోరు నీటిలో చెరువు వాటా ఎంత, పొలాల్లో పడి నేరుగా ఇంకిన వాన వాటా ఎంత? నీటిమట్టం కొలిస్తే ఇది తేలదు, రుచి చూసినా తేలదు. నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల బరువును పోల్చి చూస్తే తేలుతుంది. ఆ పోలిక ఎలా చేయాలో, వచ్చిన అంకెను ఎలా రాయాలో అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో నీటి మీద పని చేయాలనుకునే విద్యార్థుల కోసం, ఉపాధ్యాయుల కోసం వివరంగా రాస్తున్నాను. మన దగ్గర నీటి గురించి అభిప్రాయాలకు కొదవ లేదు. నిలబడే అంకెలే తక్కువ. అందుకే ఈ పనిని ఓపికగా, సరిగ్గా నేర్చుకోవాలని నా కోరిక.

ముందుగా తెలుసుకోవలసింది కొంచెమే. ఆక్సిజన్‌లో 16, 17, 18 అనే మూడు స్థిర ఐసోటోపులు, అంటే పరమాణు రకాలు, ఉన్నాయి. వాటిలో న్యూట్రాన్ల సంఖ్య వేరు, అందువల్ల బరువు వేరు. రేడియోధార్మికత లేదు కాబట్టి కాలంతో పాటు తరిగిపోవు. హైడ్రోజన్‌లో మామూలు రకంతో పాటు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంది. 1931లో దాన్ని కనుగొన్నందుకే హెరాల్డ్ యూరీకి 1934లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక అణువులు ముందు లేచిపోతాయి, బరువైనవి ఎక్కువగా వెనక మిగులుతాయి. మేఘం కురిసేటప్పుడు బరువైనవి ముందు రాలుతాయి. వేసవి పొడవునా ఎండలో ఆవిరైన చెరువు నీటికీ, నేల మీద పడగానే ఇంకిన వాన నీటికీ తేడా అక్కడే పుడుతుంది. మన పనంతా ఆ తేడాను పట్టుకోవడమే.

సీసా దగ్గరే సగం పని

ప్రయోగశాలలో ఎంత గొప్ప యంత్రం ఉన్నా, మీరు తెచ్చిన సీసాలో జరిగిన తప్పును అది దిద్దలేదు. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

30 నుంచి 60 మిల్లీలీటర్లు పట్టే మందపాటి ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. మూత లోపల బిగుతుగా కూర్చునే రెండో బిరడా ఉంటే మరీ మంచిది. తాగునీటి సీసాలు వద్దు, వాటి గోడలు పలచన. బోరు దగ్గరకు వెళ్లగానే నీరు పట్టకండి. గొట్టంలో రాత్రంతా నిలిచిన నీరు ముందు బయటకు పోవాలి. మోటారు ఆన్ చేసి కొంతసేపు వదిలేయండి. చేతిలో విద్యుత్ వాహకత మీటరు ఉంటే ఐదేసి నిమిషాలకు ఒకసారి చూడండి. అంకె మారకుండా నిలకడగా ఉన్నప్పుడే భూమి లోపలి నీరు వస్తున్నట్లు.

ఇప్పుడు నింపే పద్ధతి. సీసాను, మూతను అదే నీటితో మూడుసార్లు కడగండి. సన్నని రబ్బరు గొట్టాన్ని సీసా అడుగుకు తాకించి నీటిని నెమ్మదిగా వదలండి. సీసా నిండి అంచుల మీదుగా పొర్లుతుంది, పొర్లనివ్వండి. గొట్టం మెల్లగా పైకి లాగాక సీసా నోటి మీద నీరు కొద్దిగా ఉబ్బి, కంటి పాపలా గుండ్రంగా నిలుస్తుంది. ఆ ఉబ్బు చెదరకుండా మూత పెట్టి బిగించండి, నాలుగు చుక్కలు పక్కకు కారిపోతాయి. సీసాను తలకిందులు చేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అడుగు నుంచి బుడగ పైకి పాకితే మళ్లీ మొదటి నుంచి నింపండి. ఎందుకింత పట్టుదల అంటే, సీసాలో ఖాళీ ఉంటే నీరు ఆ ఖాళీలోకి ఆవిరవుతుంది. మూత సందుల్లోంచి ఆ ఆవిరి జారిపోతే మిగిలిన నీరు బరువెక్కుతుంది. అప్పుడు మీరు కొలిచేది బోరును కాదు, మీ సీసాను.

మొదట్లో నేను మే నెలలో సేకరించిన కొన్ని సీసాలను జీపు వెనక సీటులో వదిలేసి మధ్యాహ్నమంతా పల్లెలు తిరిగాను. వాటిలో రెండింటి మూతలు సరిగా బిగించలేదు. ఫలితాలు వచ్చినప్పుడు ఆ రెండు బోర్లూ చెరువు నీటితో నిండినట్లు కనిపించాయి. తిరిగి వెళ్లి మళ్లీ నీరు పట్టి చూస్తే, అవి చుట్టుపక్కల బోర్లలాంటివే. అప్పటి నుంచి మూత మీద సీలు టేపు చుట్టి, సీసాలను థర్మాకోల్ పెట్టెలో ఉంచి నీడలోనే మోస్తున్నాను.

సీసాలో ఆమ్లం కలపనక్కర్లేదు. లోహాల పరీక్ష కోసం ఆమ్లం కలిపిన సీసాను దీనికి వాడకండి. సీసా మీద చెరగని మార్కరుతో ఊరు, బోరు లోతు, తేదీ, సమయం రాయండి. అవే వివరాలు నోటు పుస్తకంలోనూ ఉండాలి. ప్రతి చోటా రెండేసి సీసాలు నింపండి. రెండోది ఎందుకో చివర్లో చెబుతాను.

వాన నీటిని వదలవద్దు

బోరు నీటి అంకె ఒక్కటే ఉంటే దాన్ని దేనితో పోల్చాలి? చెరువు, కాలువ, వాన, ఈ మూడింటి నీటినీ పట్టాలి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు, శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా తెచ్చే కృష్ణా నీరు మన వానతో పుట్టినవి కావు. వాటి పుట్టుక పడమటి కనుమల వైపు, పైగా జలాశయాల్లో ఎండకు ఆగి వస్తాయి. ఊరి చెరువులోకి కాలువ నీరు వదులుతుంటే ఆ సంగతి తప్పక రాసుకోండి.

వానను పట్టడంలో చిక్కు ఆవిరే. వాన వెలిసిన వెంటనే నీటిని సీసాలోకి మార్చడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. రోజూ వెళ్లలేకపోతే, గరాటు నుంచి సన్నని గొట్టం పాత్ర అడుగు దాకా దిగే అమరిక వాడండి. గాలికి తగిలే నీటి ఉపరితలం అందులో చాలా తక్కువ. కొందరు నీటి మీద పారాఫిన్ నూనె పొర వేస్తారు. అది లేజరు యంత్రాలకు ఇబ్బంది తెస్తుంది కాబట్టి వాడితే ప్రయోగశాలకు ముందే చెప్పండి.

ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో ప్రతిసారీ రాయాలి. ఇది అదనపు సమాచారం కాదు, లెక్కలో భాగం. ఒక ఉదాహరణ చూడండి, అంకెలు నేను ఊహించినవి. ఇక్కడ విలువ అంటే బరువైన ఐసోటోపు ఎంత హెచ్చో ఎంత తగ్గో చెప్పే అంకె, దాని లెక్క తరువాతి భాగంలో వస్తుంది. జూన్‌లో 4 మిల్లీమీటర్ల జల్లు పడింది, దాని విలువ −1. సెప్టెంబరులో 60 మిల్లీమీటర్ల వాన పడింది, దాని విలువ −6. రెండూ కూడి రెండుతో భాగిస్తే −3.5 వస్తుంది. అది తప్పు. నేలలోకి దిగిన నీటిలో జల్లు వాటా ఎంతని? 4ని −1తో, 60ని −6తో గుణించి, కూడి, మొత్తం 64తో భాగించండి. −5.7 వస్తుంది. పొడి గాలిలో పడే చిన్న జల్లు దారిలోనే కొంత ఆవిరై బరువెక్కుతుంది. పెద్ద వానకు ఆ బాధ లేదు. నైరుతి వెళ్లాక బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలు దక్షిణాదిలో సాధారణంగా ఇంకా తక్కువ విలువలు చూపుతాయి. రెండు రుతుపవనాలనూ అంతో ఇంతో అందుకునే నేల మనది. కాబట్టి జూన్ నుంచి డిసెంబరు దాకా సేకరించకుండా వాన సగటు చెప్పకండి.

తూకపు రాయి లేని తూకం లేదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఐసోటోపు అంకెను శాస్త్రవేత్తలు నిష్పత్తిగా నేరుగా రాయరు. ఒక ప్రమాణంతో పోల్చినప్పుడు వచ్చే తేడాగా రాస్తారు. కారణం ఉంది. ఆక్సిజన్-18, ఆక్సిజన్-16 నిష్పత్తిని ఉన్నదున్నట్లు కొలవడం చాలా కష్టం. ప్రతి యంత్రానికీ సొంత వంకర ఉంటుంది. కానీ నమూనానూ ప్రమాణాన్నీ ఒకే యంత్రంలో, ఒకే రోజు, ఒకే విధంగా కొలిస్తే ఆ వంకర రెండింటికీ దాదాపు సమానంగా తగిలి, పోలికలో రద్దవుతుంది.

వేరుశనగ మార్కెట్లో తూకం తెలిసినవారికి ఇది కొత్త కాదు. త్రాసు ఎంత మంచిదైనా రెండో తట్టలో రాయి లేకపోతే తూకం లేదు. నీటికి ఆ రాయి సముద్రపు నీరు. 1961లో హార్మన్ క్రెయిగ్ సగటు సముద్ర నీటిని ప్రమాణంగా ప్రతిపాదించారు. తరువాత వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆ ప్రమాణానికి సరిపోయే నీటిని సిద్ధం చేసి ప్రపంచానికి పంచింది. దాని పేరు వీస్మౌ. అందులో ప్రతి 10 లక్షల ఆక్సిజన్-16 పరమాణువులకు 2005.2 ఆక్సిజన్-18 పరమాణువులు ఉంటాయి. హైడ్రోజన్‌లోనైతే 10 లక్షలకు 155.76 డ్యుటీరియం పరమాణువులు. ఆ నీరు నిండుకున్నాక దానికి సరిపోయేలా వీస్మౌ-2 తయారుచేశారు.

తేడాను ఇలా లెక్కించాలి. నమూనా నిష్పత్తిని ప్రమాణ నిష్పత్తితో భాగించి, అందులోంచి 1 తీసివేయండి. వచ్చిందే డెల్టా. చాలా చిన్న అంకె కాబట్టి వెయ్యికి ఎంత అని చెబుతారు, దాన్ని పర్‌మిల్ అంటారు. చేసి చూద్దాం. నమూనా నిష్పత్తి 0.0019992 అనుకోండి. దాన్ని 0.0020052తో భాగిస్తే 0.99701. ఒకటి తీసేస్తే −0.00299. అంటే వెయ్యికి −2.99, మన మాటల్లో వెయ్యికి సుమారు మూడు తరుగు. సున్నా వస్తే సముద్రపు నీటితో సమానం. ధన సంఖ్య వస్తే హెచ్చు. ఎండకు బాగా ఆవిరైన చెరువు ధన సంఖ్య దాకా వెళ్లగలదు.

ఇక్కడ పోల్చేటప్పుడు చాలామంది తడబడతారు. −2 పెద్దది, −5 చిన్నది. −5 దగ్గర బరువైన ఐసోటోపు తక్కువ. గీత మీద అంకెలు రాసుకుని చూస్తే ఒక్కసారికే మనసులో నిలుస్తుంది.

యంత్రం ఏం చేస్తుంది

కొలిచే పద్ధతులు ముఖ్యంగా రెండు. పాతది, ఇప్పటికీ గట్టిది మాస్ స్పెక్ట్రోమీటరు. ఇందులో ఆక్సిజన్ కోసం నీటిని నేరుగా పంపరు. చిన్న గాజు సీసాలో కొద్దిగా నీరు పోసి, పైన కార్బన్ డయాక్సైడ్ నింపి, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. ఆ వాయువులోని ఆక్సిజన్, నీటిలోని ఆక్సిజన్ ఒకదానితో ఒకటి చోటు మార్చుకుంటూ చివరకు సమతుల్యానికి వస్తాయి. అప్పుడు వాయువు నీటి కథనే చెబుతుంది. దాన్ని యంత్రంలోకి పంపి, ఎలక్ట్రాన్లతో కొట్టి, విద్యుదావేశం ఇచ్చి, అయస్కాంతం మధ్య నుంచి పరిగెత్తిస్తారు. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. ద్రవ్యరాశి 44, 45, 46 గల అణువులు మూడు వేర్వేరు గిన్నెల్లో పడతాయి. 46వ గిన్నెలో పడేది ప్రధానంగా ఆక్సిజన్-18 ఉన్న అణువు. 45లో కార్బన్-13 ఉన్న అణువులతో పాటు కొన్ని ఆక్సిజన్-17వీ కలుస్తాయి. కార్బన్ లెక్కలో ఆ వాటాను తీసివేయాలి, సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది.

కొత్తది లేజరు పద్ధతి. నీటిని ఆవిరి చేసి, అద్దాల మధ్య లేజరు కాంతిని పంపి, బరువైన నీటి అణువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి మింగిందో చూస్తారు. ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ ఒకేసారి తేలతాయి.

లేజరు యంత్రం దగ్గర ఒక గంట నిలబడి చూస్తే బోధపడే విషయం ఒకటి ఉంది. సన్నని సూది రబ్బరు మూతను గుచ్చుకుని లోపలికి దిగి, సుమారు రెండు మైక్రోలీటర్ల నీరు తీసుకుని యంత్రంలోకి చిమ్ముతుంది. కొన్ని నిమిషాలకు అంకె వస్తుంది. అదే సీసా నుంచి మళ్లీ చిమ్ముతుంది. రెండో అంకె మొదటిదానికి సమానంగా రాదు. మూడోది రెండోదానికి కొంచెం దగ్గరవుతుంది. ముందు సీసాలో చెరువు నీరు ఉంటే, యంత్రం గోడలకు అంటిన ఆ చెరువు తడి ఇంకా పోలేదన్న మాట. నాలుగు, ఐదు, ఆరు దాటాక అంకెలు ఒకచోట నిలబడతాయి. అందుకే ఒక్కో నమూనాను ఆరు నుంచి తొమ్మిదిసార్లు చిమ్మి, మొదటి మూడింటిని పక్కన పెట్టి, మిగతావాటి సగటు తీస్తారు. ఫలితాలు తీసుకునేటప్పుడు ఎన్నిసార్లు చిమ్మారు, ఎన్ని వదిలేశారు అని మొహమాటం లేకుండా అడగండి.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల), రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ, ముంబయిలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఈ రంగంలో చాలాకాలంగా పని చేస్తున్నాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గానీ యోగి వేమన విశ్వవిద్యాలయంలో గానీ చదువుతుంటే, మీ భూవిజ్ఞాన ఆచార్యుల ద్వారా ముందుగా ఉత్తరం రాయించండి. సీసాలు పంపాక కాదు, సేకరణకు ముందే.

ఒక రాయి చాలదు, రెండు కావాలి

యంత్రం ఇచ్చిన అంకె ఇంకా పచ్చిదే. ఒక్క వీస్మౌతో సున్నాను సరిచేయవచ్చు, కానీ గీతల మధ్య దూరం సరిగ్గా ఉందో లేదో తెలియదు. స్కేలు మొదలు సరిపోయినా మధ్యలో సాగి ఉండవచ్చు. అందుకే అంటార్కిటికా మంచు నుంచి వచ్చిన స్లాప్ అనే రెండో ప్రమాణం ఉంది. దాని డెల్టా ఆక్సిజన్-18 విలువ −55.5 అని నిర్ణయించారు. ఈ రెండింటి మధ్య స్కేలు బిగుస్తుంది.

ఈ అంతర్జాతీయ నీళ్లు విలువైనవి, కొద్దిగానే దొరుకుతాయి. రోజూ వాడరు. ప్రతి ప్రయోగశాలా సొంతంగా రెండు మూడు నీళ్లు సిద్ధం చేసుకుని, వాటిని అంతర్జాతీయ ప్రమాణాలతో ఒకసారి సరిచూసి, రోజువారీ పనికి వాడుతుంది. మీ నమూనాలు కొలిచే విడతలో అలాంటి రెండు నీళ్లు ఉన్నాయనుకుందాం. ఒకదాని అసలు విలువ −0.50, యంత్రం −0.30 అంది. రెండోదాని అసలు విలువ −10.50, యంత్రం −10.10 అంది. అసలు తేడా 10.00, యంత్రం చూపిన తేడా 9.80. అంటే యంత్రం స్కేలును కొద్దిగా కుదించింది. 10.00ని 9.80తో భాగిస్తే 1.0204. ఇప్పుడు మీ బోరు నీటికి యంత్రం −2.80 ఇస్తే, మొదటి ప్రమాణం నుంచి దాని దూరం −2.50. దాన్ని 1.0204తో గుణిస్తే −2.55. దానికి −0.50 కలపండి. −3.05. ఇదీ మీ అంకె.

మూడో నీరు ఒకటి ఉండాలి, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. అసలు విలువ తెలిసిన ఆ నీటిని మామూలు నమూనాలా మధ్యమధ్యలో కొలిచి చూడాలి. తెలిసిన విలువకు దగ్గరగా వస్తేనే మిగతా అంకెలను నమ్మవచ్చు. ఈ మూడో నీటి సంగతి లేని ఫలితాల పట్టికను నేను సందేహంతోనే చదువుతాను.

నివేదికలో ఎలా రాయాలి

అంకె, దాని అనిశ్చితి, స్కేలు పేరు. ఈ మూడూ కలిసే ఉండాలి. "డెల్టా ఆక్సిజన్-18 విలువ −3.05 ± 0.10 పర్‌మిల్, వీస్మౌ-స్లాప్ స్కేలు మీద" అని రాస్తే పూర్తి. అనిశ్చితి 0.1 ఉన్నప్పుడు −3.0512 అని నాలుగు దశాంశాలు రాయడం లేని నమ్మకాన్ని చూపడమే. మంచి ప్రయోగశాలలో ఆక్సిజన్-18కు 0.1, డ్యుటీరియంకు 1 పర్‌మిల్ చుట్టూ అనిశ్చితి ఉండటం మామూలే. ఆ అనిశ్చితిని ఎలా రాబట్టారో ఒక వాక్యంలో చెప్పండి. ఏ యంత్రం, ఏ పద్ధతి, ఏ ప్రమాణాలు, వాటికి ఏ విలువలు తీసుకున్నారో కూడా రాయండి. రేపు ప్రమాణం విలువను సవరించినా ఎవరైనా మీ అంకెను మళ్లీ లెక్కించుకోగలగాలి.

"బరువైన నీరు", "తేలిక నీరు" అని విడిగా రాయకండి. దేనికంటే బరువు? "బోరు నీటి డెల్టా విలువ చెరువు నీటికంటే తక్కువ" అని రాస్తే ఎవరికీ సందేహం రాదు.

స్కేలు పేరు మరిచిపోతే ఎంత నష్టమో బెలుం గుహల ఉదాహరణతో చెబుతాను. గుహల్లో సున్నపు రాయి స్తంభాల పొరల మీద పని చేసేవారు, అనుమతి తీసుకుని కొద్దిపాటి పొడి గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో కార్బన్ డయాక్సైడ్ రాబట్టి కొలుస్తారు. రాతిలోని కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ వాడే ప్రమాణం వేరు. దాని పేరు వీపీడీబీ, అమెరికాలోని దక్షిణ కరోలినాలో దొరికిన ఒక శిలాజం నుంచి మొదలైన స్కేలు అది. అదే ఆక్సిజన్ విలువను ఒక స్కేలు నుంచి మరో స్కేలుకు మారిస్తే సుమారు 31 పర్‌మిల్ మారిపోతుంది. స్కేలు పేరు రాయని అంకెను పక్కవాడు ఏమని చదవాలి?

ఇక బోరు ప్రశ్నకు

ఆక్సిజన్-18ను అడ్డంగా, డ్యుటీరియంను నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. ప్రపంచ వాన నీళ్లు ఒక సరళరేఖ చుట్టూ పడతాయి. ఆక్సిజన్ విలువను 8తో గుణించి 10 కలిపితే డ్యుటీరియం విలువ వస్తుందని 1961లో క్రెయిగే చూపారు. ఆవిరైన నీరు ఆ రేఖ నుంచి కుడివైపుకు జారి, 4 నుంచి 6 దాకా వాలు ఉన్న మరో రేఖ పడుతుంది. డ్యుటీరియం విలువ నుంచి ఆక్సిజన్ విలువకు 8 రెట్లు తీసివేస్తే వచ్చే అంకెను డ్యుటీరియం ఎక్సెస్ అంటారు. వానలో అది 10 చుట్టూ ఉంటుంది, ఆవిరయ్యే కొద్దీ పడిపోతుంది.

మన బోరును చూద్దాం, ఇవీ ఊహించిన అంకెలే. వాన సగటు ఆక్సిజన్ −4, డ్యుటీరియం −22. చెరువు +1, +3. బోరు −3, −17. డ్యుటీరియం ఎక్సెస్ వానకు 10, చెరువుకు −5, బోరుకు 7. బోరు నుంచి వాన దూరం 1, చెరువు నుంచి వాన దూరం 5. ఒకటిని ఐదుతో భాగిస్తే ఐదో వంతు. బోరులో చెరువు వాటా సుమారు 20 శాతం. డ్యుటీరియంతో లెక్కించినా 25లో 5, అదే వాటా.

ఈ 20ని అంతిమ తీర్పులా ప్రకటించకండి. చెరువు విలువ ఆగస్టులో ఒకటి, మార్చిలో మరొకటి. బోరులోకి ఇంకే రోజుల నాటి విలువ కావాలి, కాబట్టి చెరువు నుంచి ఏడాదిలో నాలుగైదుసార్లైనా నీరు పట్టాలి. వరి మడిలో నిలిచి ఆవిరై మళ్లీ భూమిలోకి దిగిన నీరు కూడా అచ్చం చెరువు నీటిలాగే కనిపిస్తుంది. ఆ రెండింటినీ విడదీయడానికి క్లోరైడు, విద్యుత్ వాహకత విలువలను పక్కన పెట్టుకోండి. నివేదికలో వాటాను ఒకే అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత దాకా అని రాయండి. ఊరివాళ్లకు చెప్పేటప్పుడూ అలాగే చెప్పండి. ఆ మాట నమ్మి రేపు వాళ్లు బోరు వేయవచ్చు, పూడిక తీయవచ్చు.

ఇక రెండో సీసా. ఏదైనా అంకె చుట్టుపక్కల బోర్ల నుంచి ఒంటరిగా దూరంగా పడితే దాన్ని కొట్టివేయకండి, అలాగని నమ్మనూ వద్దు. దాచిన రెండో సీసాను తీసి, మూత బిగుతు, బుడగ ఉందో లేదో చూసి, మళ్లీ కొలిపించండి. రెండు అంకెలూ కలిస్తే బావిలోనే ఏదో విశేషం ఉంది, అక్కడికి మళ్లీ వెళ్లాలి. అందుకే నివేదిక అచ్చయ్యేదాకా ఆ సీసాలను చల్లని చీకటి గదిలో, పేర్లు కనిపించేలా నిలబెట్టి ఉంచండి.